‘లేడు’ అని రాసిన పేజీ

దరఖాస్తులో పదకొండో గడి శాఖాధిపతి సంతకానిది. మిగతా గడులన్నీ మంగళవారమే నిండాయి. పన్నెండో గడి ప్రిన్సిపాల్‌ది. ఆయన చదవకుండా సంతకం చేశాడు. గడువు శుక్రవారం సాయంత్రం ఐదు గంటలు. గురువారం మధ్యాహ్నానికి కూడా పదకొండో గడి ఖాళీగానే ఉంది.

ఉమాదేవికి నలభై నాలుగేళ్లు. పేరాక్ తీరంలో ఒక కమ్యూనిటీ కాలేజీలో పాఠం చెబుతుంది. చదివింది చరిత్ర. చెప్పేది జనరల్ స్టడీస్. కేకులు చేయడం నేర్చుకునేవాళ్లకూ ఏసీలు బాగుచేయడం నేర్చుకునేవాళ్లకూ వారానికి రెండు గంటలు. ఆ రెండు గంటల్లో దేశం, రాజ్యాంగం, స్వాతంత్ర్యం అయిపోవాలి. పంతొమ్మిదేళ్లుగా అయిపోతున్నాయి. ఈ పంతొమ్మిదేళ్లలో కాలేజీ ఆమెను పంపిన శిక్షణలు రెండు. ఒకటి మంటలు ఆర్పడం. ఇంకొకటి పిల్లల హాజరు కంప్యూటర్లో ఎక్కించడం.

ఈసారి వచ్చింది వేరు. కౌలాలంపూర్‌లో నాలుగు వారాల చరిత్ర కార్యశాల. తోటల్లో పనిచేసిన మనుషుల చరిత్ర. కమ్యూనిటీ కాలేజీ ఉపాధ్యాయులకు మాత్రమే. ఇరవై మందిని తీసుకుంటారు. బస, భోజనం, ప్రయాణం వాళ్లవే. షరతు ఒకటి. మీ ఊరి పాత కాగితం ఒకటి జతచేయాలి. దాని గురించి రెండు పేజీలు రాయాలి.

ఉమాదేవి దగ్గర ఆ కాగితం ఉంది. బాగన్ దాతుక్ దగ్గర కొబ్బరి ఎస్టేటు అమ్ముడుపోయి, ఆఫీసు పడగొట్టిన రోజు ఆమె మోటారుసైకిల్ మీద అటు వెళ్తోంది. పాత పుస్తకాలు లారీలోకి విసురుతున్నారు. ఒకటి అడిగింది. ఇచ్చేశారు. అది 1953లో కూలీల లైన్లలో, అంటే వాళ్ల ఇళ్ల వరసల్లో, ఉన్నవాళ్ల రిజిస్టరు.

అందులో ఒక పేజీలో పద్నాలుగు మంది ఆడవాళ్లు. అందరూ తెలుగువాళ్లు. పేరు, వయసు, భర్త పేరు, పిల్లలు. తొమ్మిది మందికి భర్త పేరు దగ్గర ఒకే మాట. లేడు. ఆరో వరస ఉమాదేవి నాయనమ్మది. పోలమ్మ, పద్దెనిమిదేళ్లు. భర్త లేడు. కొడుకు కాంతయ్య, ఆరు నెలలు. తండ్రి తెలియదు.

తండ్రి ఉన్నాడు. ఆయన పేరు కూర్మయ్య. గుమాస్తా ఆ వరస రాస్తున్న వేళకు అర మైలు దూరంలో కొబ్బరికాయలు దింపుతున్నాడు.

ఆ రెండు మాటలూ రిజిస్టరులోంచి పుట్టిన కాగితంలోకి, అందులోంచి బడికి, బడిలోంచి గుర్తింపు కార్డుకు నడిచాయి. కాంతయ్య తన కార్డును జేబులో అక్షరాలు లోపలివైపుకు పెట్టుకునేవాడు. పోలీసు అడిగితే తప్ప తీసేవాడు కాదు. బడిలో పిల్లలు ఏమని పిలిచేవారో కూతురికి ఒక్కసారే చెప్పాడు. యాభై ఎనిమిదేళ్లకు పోయాడు. కార్డు ఇప్పటికీ ఉమాదేవి బీరువాలో ఉంది. అక్షరాలు లోపలివైపుకే.

ఈ సంగతే ఆమె రెండు పేజీల్లో రాసింది.

గురువారం మధ్యాహ్నం శాఖాధిపతి శ్రీకుమార్ పిలిచాడు. యాభై దాటిన మనిషి. తెలుగువాడు. కౌలాలంపూర్‌లో పెరిగాడు. తెలుగు సంఘంలో ఏదో పదవి ఉంది. అక్కడివాళ్ల అలవాటు ప్రకారం మాట చివర ‘లా’ తగిలిస్తాడు. గదిలో సంఘం క్యాలెండరు, దాని కింద ఆయన శాలువా కప్పించుకుంటున్న ఫొటో.

“కూకో ఉమా.”

“రేపు ఐదింటికి గడువు సార్.”

“తెల్సు లా. చదివినాను. బాగా రాసినావు. కానీ ఆ రిజిస్టరు పేజీ తీసీ.”

“అది తీసేస్తే ఏటుంది సార్ అందులో?”

“అది పెడితే ఏటనుకుంటారు? తెలుగోళ్ల ఆడోళ్లకి మొగుళ్లు లేరు, సంకలో పిల్లలున్నారు అనుకుంటారు.”

“నేను రాసింది చదివితే అనుకోరు.”

“రెండు పేజీలు ఎవుడు చదువుతాడు? బొమ్మ చూస్తాడు. ఉగాది గురించి రాయి. మన సంఘం హాలు గురించి రాయి. ఫొటోలు నేనిస్తాను. రంగుల్లో.”

“మా తాత హాలు కట్టలేదు సార్. కొబ్బరికాయలు దింపినాడు.”

“నీకు కోపం ఎక్కువ లా.”

“ఉన్నాది.”

ఆయన నవ్వాడు. పేజీ తీస్తే అప్పుడే సంతకం పెడతానన్నాడు. కలం మూత కూడా తీశాడు. ఉమాదేవి కాగితాలు తీసుకుని లేచింది.

ఇంటికి వెళ్లేసరికి పోలమ్మ వాకిట్లో కొబ్బరాకుల్లోంచి ఈనెలు తీస్తోంది. ఎనభై తొమ్మిదేళ్లు. చూపు బాగా తగ్గింది. చేతులకు చూపు అక్కర్లేదు.

“ఒలే, బండి అలా ఆపినావేటి? ఎవుల మీద కోపం?”

ఉమాదేవి చెప్పింది. ముసలామె చెయ్యి ఆగలేదు.

“ఆ దినం గుమాస్తా ఎలా అడిగినాడో మల్లీ సెప్పు మామ్మా.”

“ఎన్నిసార్లు సెప్పాల? మగోళ్లందరూ పనికి ఎల్లిపోనారు. మమ్మల్ని ఆపీసుకి రమ్మన్నారు. గుమాస్తా మొగుడి పేరేటన్నాడు. నాను నవ్వినాను. మల్లీ అడిగినాడు. తల దించుకున్నాను. మొగుడి పేరు ఎలా సెప్తానే? సెప్తే ఆయుస్సు తగ్గిపోదా?”

“పక్కోళ్లు చెప్పొచ్చు కదా.”

“అదే కదా మా పద్దతి. నా మొగుడి పేరు పక్కింటిది సెప్తాది, దాని మొగుడి పేరు నాను సెప్తాను. బయట నూకాలు ఉన్నాది, పిలవండి అన్నాను. ఒకరి తరవాత ఒకరే రావాలన్నాడు. తలుపేసీసినాడు.”

ఉమాదేవికి ఆ పేజీ మొత్తం గుర్తుంది. పేర్లు పడిన ఐదుగురి పక్కనా నాలుగేళ్లు దాటిన పిల్లలున్నారు. అమ్మ వెంట గదిలోకి వెళ్లి నాన్న పేరు చెప్పిన పిల్లలు. పోలమ్మ చంకలో ఉన్నవాడికి ఇంకా మాట రాలేదు.

“ఆడు ఏటి రాసినాడో నీకు తెలీదా?”

“నాకు సదువొచ్చేటి? కలం గీసిన సప్పుడు వినపడినాది. పేరైతే అంత బేగి అయిపోదు కదా అనుకున్నాను.”

ఈనెల కట్ట ఒకటి పూర్తయింది. పక్కన పెట్టింది.

“ఇప్పుడు చెప్పు మామ్మా. తాత పోయి యాభై ఏళ్లయింది. నీ నోటితో చెప్తే రికార్డు చేసి పంపిస్తాను.”

“సెప్పను.”

“తగ్గడానికి ఇంకా ఆయుస్సు ఎక్కడుంది?”

“సెప్పనంటే సెప్పను. నాను సెప్పకపోడం తప్పా? లేడని రాసీడం తప్పు. తెలీకపోతే ఖాళీగా ఒగ్గీవలసింది. ఎవులో ఒకలు తరవాత నింపుదురు. నా కొడుకు ఆరేళ్లకి నింపుకునీవోడు.” కొబ్బరాకు విదిలించింది. “ఇంతకీ సంతకం పెట్టనన్నవోడు ఎవులు?”

“శ్రీకుమార్ సార్. కౌలాలంపూర్‌లో పెరిగినాడు.”

“నూకాలు మనవడా? ఆడికి ఆ పేరెట్టినారని అప్పుడు కబురొచ్చినాది. ఆళ్లు కౌలాలంపూర్ ఎల్లిపోనారు. ఆడు ఇక్కడికి ఒచ్చినాడా!”

శుక్రవారం ఉదయం ఉమాదేవి తలుపు తట్టకుండా లోపలికి వెళ్లింది. రిజిస్టరు పేజీ ఆయన ముందు పెట్టింది. మూడో వరస మీద వేలు పెట్టింది. నూకాలమ్మ, ఇరవై ఏళ్లు. భర్త లేడు. కొడుకు, రెండేళ్లు.

“మీ మామ్మ.”

శ్రీకుమార్ వరస వైపు చూడలేదు. కిటికీ వైపు చూశాడు.

“నేను మొదట చూసింది అదే.”

“మరి నిన్న ఉగాది అన్నారు.”

“మా నాన్న బడికి ఎల్లినప్పుడు తండ్రి పేరు దగ్గర మామ్మ అన్నగారి పేరు రాయించినారు. చచ్చినదాకా ఆ పేరే. నా పెళ్లి కార్డులో తాత పేరని ఏసింది కూడా అదే. మా పిల్లలకి తెలీదు. నీకు చెప్తన్నాను. సాలదా?”

“సంతకం పెడితే సాలుతుంది.”

“పెట్టలేను ఉమా.”

“మీ మామ్మ తప్పేటి సార్? తలుపేసినోడిది తప్పు.”

“తెల్సు.”

“తెలిసి?”

“తెలిసీ పెట్టలేను.”

ఆయన గొంతు తగ్గింది. కళ్లు తడిశాయి. దుర్మార్గుడు కాదు. నిజమే చెబుతున్నాడు. ఉమాదేవికి జాలి కలగాలి. కలగలేదు. కోపం ఇంకా పెరిగింది. గుమాస్తాకు తెలియదు. ఈయనకు తెలుసు. గుమాస్తా మూసింది ఒక తలుపు. ఈయన అదే తలుపు లోపలి నుంచి పట్టుకుని నిలబడ్డాడు, కన్నీళ్లతో.

“మీకు సిగ్గెందుకు? నాకు కోపం రావాల, మీకూ రావాల. తొమ్మిది మంది సార్. తొమ్మిది మందికీ ఒకే దినం మొగుళ్లు పోనారా?”

ఆయన కాగితాలు ఆమె వైపు జరిపాడు.

నాలుగూ నలభైకి ఆమె దరఖాస్తు స్కాన్ చేసి పంపింది. రిజిస్టరు పేజీతో. పదకొండో గడి ఖాళీగా.

సోమవారం ఫోను వచ్చింది. కార్యశాల ఆఫీసు నుంచి. అమ్మాయి పేరు నంతిని. తమిళంలో మాట్లాడింది. మర్యాదగా, కొంచెం సంతోషంగా.

“అక్కా, మీది చదివాను. రెండుసార్లు. మా వాళ్లందరూ చదివారు. పదకొండో గడి ఒక్కటి ఖాళీగా ఉంది.”

“అవును.”

“మీ కాలేజీలో శాఖాధిపతి లేరా? చిన్న కాలేజీల్లో చాలాచోట్ల ఉండరు. వాళ్లకు మినహాయింపు ఉంది. లేరు అంటే ప్రిన్సిపాల్ సంతకం చాలు. ఇప్పుడే రాసేస్తాను. ముందుకు వెళ్లిపోతుంది.”

ఉమాదేవి ఫోనుతో కిటికీ దగ్గరకు నడిచింది. కిటికీ బయట ఏసీ విద్యార్థులు ఒక పాత పెట్టెను విప్పుతున్నారు. మరలు ఒక్కొక్కటే రేకు పళ్లెంలో వేస్తున్నారు. నాలుగు వారాలు. ఇరవై మంది. పంతొమ్మిదేళ్ల తర్వాత ఒక గదిలో కూర్చుని చరిత్ర మాట్లాడుకోవడం. మధ్యలో ఉన్నది ఒక్క మాట. ఆ మాట రాయడానికి ఎంతసేపు పడుతుందో పోలమ్మ చెప్పింది.

“అక్కా, లైన్లో ఉన్నారా?”

“ఉన్నాను.”

“లేరు అని పెట్టేయనా?”

“పెట్టకు. ఉన్నారు.”

“మరి?”

“అడిగాను. సంతకం చెయ్యనన్నారు. అది రాయి.”

అవతల కాగితం తిప్పిన చప్పుడైంది.

“అలా రాస్తే అసంపూర్ణం కింద పక్కన పెడతారు అక్కా. నేనేమీ చెయ్యలేను.”

“పక్కన పెట్టనీ.”

“ఈ ఏడాదికి అంతే మరి. మళ్లీ ఎప్పుడు పెడతారో తెలియదు.”

“విన్నానమ్మా. రాయి.”

“అలా రాయడానికి గడి లేదు.”

“మార్జిన్ ఉందా?”

“ఉంది.”

“అక్కడ రాయి. శాఖాధిపతి ఉన్నారు. అడిగితే సంతకం చెయ్యలేదు. తారీకు వెయ్యి.”

కలం కదిలిన చప్పుడు ఫోనులో సన్నగా వినిపించింది. తొందరగా ఆగలేదు. ఉమాదేవి అది పూర్తయ్యేదాకా నిలబడే ఉంది.

“రాశాను అక్కా.”

“చదువు.”

నంతిని చదివింది.