పైడయ్య బండిలో వెలిగిన ఎర్రదీపం

ఇనుపగనుల ఊరు కిరందుల్‌లో లారీ డ్రైవర్లు దీపాలను రెండు జాతులుగా విడదీశారు. స్టీరింగు ముందు, మీటర్ల పలక మీద, బండిలో తప్పు ఉందని హెచ్చరిస్తూ వెలిగే చిన్న దీపాల సంగతి చెబుతున్నాను. ఇనుపరాతి పొడి వైర్ల కనెక్షన్లలోకి దూరినందువల్ల అకారణంగా వెలిగేది దుమ్ము దీపం. బండిలో ఏదో నిజంగా చెడిపోయినందువల్ల వెలిగేది నిజం దీపం. ఏది ఏదో తేల్చే కంప్యూటరు జగదల్‌పూర్ సర్వీసు కేంద్రంలో ఉండేది. బండ్లేమో కొండ మీద ఉండేవి. రానూపోనూ ఒక పగలు పూర్తిగా పట్టే ఆ దూరం గేదెల పైడయ్య జీవితాన్ని ఏం చేసిందో రాయవలసిన బాధ్యత నాకు ఉంది, ఎందుకంటే అతని కాగితాలన్నీ నా దగ్గరే ఉన్నాయి.

పైడయ్య తండ్రి పార్వతీపురం పక్క పల్లె నుంచి, ఈ రైలు మార్గం వేసిన రోజుల్లో, గ్యాంగుమన్‌గా వచ్చాడు. పైడయ్య ఇక్కడి రైల్వే క్వార్టరులోనే పుట్టాడు. బడిలో హిందీ, బజారులో హల్బీ, ఇంట్లో తెలుగు. ఏడో తరగతితో చదువు ఆపి లారీల కింద దూరడం మొదలుపెట్టాడు. పాతకాలపు లారీలకు హెచ్చరిక దీపాలు అంతగా ఉండేవి కావు. స్క్రూడ్రైవరు కొన ఇంజనుకు, పిడి చెవికి ఆనించి, లోపల ఏ భాగం అలిసిపోయిందో చెప్పేవాడు. నలభై ఏడేళ్ల వయసులో, 2016లో, సొంతంగా కొత్త పదిచక్రాల బండి కొన్నాడు. కొండ మీది నిల్వ స్థలం నుంచి ముడిఖనిజాన్ని కింద గూడ్సు వ్యాగన్లు నిలిచే రైలు సైడింగుకు దించడం అతని పని. ఆ ఘాటు రోడ్డు మీద బండి నడపాలంటే గని ఇచ్చే పాసు కావాలి. పాసు లేని డ్రైవరు ఈ ఊళ్లో ఉన్నా లేనట్టే.

గని గేటు దగ్గర ఒక నియమం ఉండేది. కాపలా మనిషి మెట్టెక్కి మీటర్ల పలక చూస్తాడు. దీపం వెలుగుతూ ఉంటే బండిని వరుసలోంచి తీసేస్తారు. సర్వీసు కేంద్రం నుంచి 'తప్పు లేదు' అని కాగితం తెస్తే తప్ప మళ్లీ రానివ్వరు. నియమంలో దోషం లేదు. దాన్ని రాసిన పెద్దమనిషి ఈ కొండను వర్షాకాలంలో చూడలేదు, అంతే. తడిసిన ఇనుపపొడి ఎంత సన్నని సందులోకైనా పాకుతుంది. వానాకాలంలో రోజుకు పది బండ్లలో దుమ్ము దీపం వెలిగేది. అందుకని డ్రైవర్లు ఒక ఉపాయం పన్నారు. భార్యల దగ్గర బొట్టుబిళ్లలు తెచ్చి, వెలిగిన దీపం మీద అంటించేవారు. గేటు దాటాక కూడా వాటిని ఎవరూ తీసేవారు కాదు.

పైడయ్య అంటించలేదు. వరుసలో అతని వెనక బండి తాతబాబుది, ఇద్దరూ వరసకు బావలు. ఒకసారి తాతబాబు వచ్చి కిటికీలోంచి తొంగి చూశాడు.

"బండికి బొట్టెట్టలేదేటి బావా? మాయన్నీ ముత్తైదువులు. నీదొక్కటే బోడిమొకంతో వొచ్చింది."

"బొట్టెట్టినావో, కంటికి గంతే కట్టినావో నీకే తెలాల," అన్నాడు పైడయ్య. "ముందు గొయ్యుంటే అదెలా సూస్తాది?"

"గొయ్యి నాను సూస్తాను గదా."

"మరి ఆ దీపమెందుకు కొనుక్కున్నావు?"

పైడయ్య పద్ధతి వేరు. దీపం వెలిగిన ప్రతిసారీ బండి దిగి, ఆ దీపానికి సంబంధించిన కనెక్షను ఊడదీసి, పొడిగుడ్డతో తుడిచి, తిరిగి పెట్టేవాడు. దీపం ఆరితే ఇంజను ఆపి, గాలి మీటరు ముల్లు కిందికి జారుతోందేమో అయిదు నిమిషాలు చూసేవాడు. ఈ బండ్ల బ్రేకులు గాలితో పనిచేస్తాయి. గాలి ఎక్కడైనా పోతుంటే ముల్లు దిగుతుంది. ఆ తరువాత ఒక నోటుపుస్తకంలో తేదీ, దీపం, తాను చేసిన పని రాసేవాడు. అందులో వందకు పైగా పద్దులున్నాయి. దాదాపు అన్నిటి చివరా 'దుమ్ము' అనే ఉంది.

2017 జూలైలో, బ్రేకుల గాలి తగ్గితే వెలిగే గాలి దీపం మూడు రోజుల్లో నాలుగుసార్లు వెలిగింది. ఇది దుమ్ము కాదేమో అనుకొని, ఎవరూ పంపకుండానే పైడయ్య సర్వీసు కేంద్రానికి వెళ్లాడు. అక్కడ రెండు రోజులు ఆవరణలో నిలబెట్టారు. మూడో రోజు ఇంజనీరు వచ్చి కంప్యూటరు తగిలించి, ఏవో మీటలు నొక్కి, దీపం ఆర్పేశాడు.

"వెనక యాక్సిలు కాడ గాలి పైపులు ఓసారి సూడండి సార్," అని పైడయ్య హిందీలో అడిగాడు. "లోడు మీదున్నప్పుడే వెలుగుతోంది."

"కంప్యూటరులో ఏమీ రాలేదు. సెన్సరు మీద మురికి."

"పోనీ, నన్ను దూరి సూడనివ్వండి."

"నువ్వు పానా పెడితే వారంటీ పోతుంది. డ్రైవరువా, ఇంజనీరువా?"

'బ్రేకు గాలి దీపం తనిఖీ చేయడమైనది, తప్పు లేదు' అని ముద్ర వేసిన కాగితం ఇచ్చి పంపారు. ఖాళీ బండిని చదును నేల మీద నిలబెట్టి, నిండు బండి కొండ దిగేటప్పుడు వచ్చే రోగానికి పరీక్ష చేశారు. ఆ కాగితం తారీకు జూలై ఇరవై మూడు. రైల్వే గూడ్సు ఆఫీసులో గుమాస్తాగా చేసి మానినవాణ్ణి కనుక, లారీవాళ్లు ఇలాంటివి నాకు తెచ్చి ఇవ్వడం అలవాటు. నకలు తీయించి ఉంచాను.

ఆగస్టు మూడున పొద్దున, వానలో, కొండ మీద లోడు ఎత్తాక గాలి దీపం మళ్లీ వెలిగింది. పైడయ్య ఇంజను ఆపకుండానే దిగి, కనెక్షను తుడిచి పెట్టాడు. దీపం ఆరింది. జేబులో 'తప్పు లేదు' కాగితం ఉంది. వెనక పద్నాలుగు బండ్లు హారన్లు కొడుతున్నాయి. ఆ రోజు ఇంజను ఆపి ముల్లు చూడలేదు. పుస్తకంలో మాత్రం రాశాడు: 'మూడో తారీకు. గాలి దీపం. దుమ్ము. తుడిచినాను. ఆరింది.'

దీపం ఆరింది తుడిచినందుకు కాదు. వెనక యాక్సిలు దగ్గర రబ్బరు పైపు ఒరుసుకుని చిట్లి ఉంది. అతను తుడుస్తున్న ఆ నాలుగు నిమిషాల్లో, నడుస్తున్న ఇంజను టాంకుల్లోకి కొత్త గాలి నింపింది. అందుకని ఆరింది. వందసార్లు తుడిచి ఆర్పిన చేయి, ఆ ఒక్కసారీ తన వల్లే ఆరిందనుకుంది.

మూడో మలుపులో పైపు పూర్తిగా తెగింది. గాలి పోతే వెనక చక్రాల బ్రేకులు వాటంతట అవే పట్టేస్తాయి. తడి రోడ్డు మీద బండి అడ్డం తిరిగి, కొండ వైపు గట్టును కొట్టుకొని ఆగింది. ఖనిజం రోడ్డు మీదికి జారింది. సైకిలు నెట్టుకుంటూ ఎదురు ఎక్కుతున్న లచ్చు అనే గోండు రైతు రోడ్డు పక్క కాలవలోకి దూకాడు. ఒక రాయి అతని కాలి మీద పడి మోకాలి కింద ఎముక విరిగింది.

గని వాళ్లు పైడయ్య పాసు లాక్కున్నారు. విచారణ కమిటీ వేశారు. సర్వీసు కేంద్రం కమిటీకి రాసిన లేఖ చదివి నా రక్తం మరిగింది. బ్రేకు ఫిర్యాదుతో ఆ బండి తమ వద్దకు రానేలేదట. డ్రైవరు సొంతంగా కెలికినందువల్లే ప్రమాదం జరిగి ఉంటుందట. ముద్ర వేసిన వాళ్ల కాగితం నా పెట్టెలో ఉందని వాళ్లకు తెలియదు. ఆ ఒక్క నకలుతో పాసు తిరిగి వస్తుందని పైడయ్యకు చెప్పాను. అది నిజం కూడా.

కాని విచారణకు రెండు రోజుల ముందు అతను నోటుపుస్తకం పట్టుకొని మా ఇంటికి వచ్చాడు. వెనకే అతని భార్య పోలమ్మ.

"ఇది కూడా ఇచ్చీండి బాబూ," అన్నాడు.

నేను మూడో తారీకు పేజీ చూశాను. "ఇది ఇస్తే నీ చేత్తో నువ్వే పాసు చింపుకున్నట్టు. వాళ్లు అడగలేదు కదా."

"నాను సెప్పినాను బాబూ, ఇంటే గదా," అంది పోలమ్మ. "ఆ పుస్తకం పొయ్యిలో ఎట్టీ అన్నాను. ఆ పుస్తకమే మాకు అన్నం ఎడతన్నట్టు మాటాడతన్నాడు."

"నిన్న లచ్చు కాడికి ఆసుపత్రికెల్లినాను," అన్నాడు పైడయ్య. "తిట్టనేదు. ఒకటే అడిగినాడు. బత్తీ వెలిగిందా లేదా అని. వెలిగిందన్నాను. మరి బండెందుకు దింపినావన్నాడు."

"తప్పు పైపుది. అది చూడనివ్వనిది సర్వీసు వాళ్లు."

"ఆలది ఆలకి. ఆరోజు ముల్లు సూడనిది నాను. ఆల కాగితం ఒక్కటీ ఇస్తే ఆలు సేసిందే నానూ సేసినట్టు గదా. తెలిసి దాసినట్టు."

గంటసేపు వాదించాను. నా మీద నాకే కోపం వచ్చేదాకా వాదించాను. చివరికి నకలూ, నోటుపుస్తకమూ ఒకే కవరులో పెట్టాను.

కమిటీలో ముగ్గురు అధికారులు. సర్వీసు కేంద్రం ప్రతినిధి తమ ముద్ర చూసి, రికార్డులు వెదికించాలన్నాడు. నోటుపుస్తకం మాత్రం ఒకరి చేతిలోంచి ఒకరికి తిరిగింది. అధ్యక్షుడు పైడయ్యను ఒకటే ప్రశ్న అడిగాడు: ఇకమీద దీపం వెలిగితే స్వయంగా ముట్టుకోనని రాసి ఇస్తావా? రాసి ఇస్తే పాసు విషయం సానుభూతితో చూస్తామన్నారు.

ఒప్పుకొమ్మని నేను అతని చొక్కా లాగాను.

"ముట్టుకుంటాను సాబ్," అన్నాడు పైడయ్య. "ముట్టుకోకపోతే ఏటైందో ఎలా తెలుస్తాది? ఆరిపోయినా సరే, ముల్లు సూడకుండా మాత్రం నిండు బండి దింపను. అదైతే రాసిస్తాను."

వాళ్లు అది రాయించుకోలేదు.

ఉత్తర్వు సెప్టెంబరు పన్నెండున వచ్చింది. ఘాటు రోడ్డు పాసు రద్దు. కింద, చదును రోడ్డు మీద, సైడింగు ఆవరణలో నడుపుకోవచ్చు. సర్వీసు కేంద్రానికి ఒకే వాక్యం: 'ఇకపై తగు జాగ్రత్త వహించవలసిందిగా సూచించడమైనది.' తమ ముద్ర తామే ఎరగమన్న సంస్థకు సూచన, తన తప్పు తానే తెచ్చి ఇచ్చిన మనిషికి శిక్ష. నేను ఆ రోజే పునర్విచారణ అర్జీ రాశాను. నాలుగు పేజీలు.

పైడయ్య ఉత్తర్వు మడిచి జేబులో పెట్టుకొని, నా అర్జీ చివరిదాకా చదివించుకున్నాడు. మూడో పేజీలో 'ఇందులో డ్రైవరు దోషం ఇసుమంతైనా లేదు' అన్న చోట చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఈ లైను తీసీండి బాబూ. సంతకం ఎడతాను."

"అది తీసేస్తే అర్జీలో ఇక బలం ఏముంటుంది?"

"ఉన్నంత ఉంటాది."

తీసేసి, మళ్లీ శుద్ధప్రతి రాసి ఇచ్చాను. సంతకం పెట్టి, లచ్చును ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకువెళ్లే జీపు వచ్చిందని లేచి వెళ్లిపోయాడు. అర్జీ రిజిస్టరు పోస్టులో పంపాను. జవాబు రాలేదు. ఇప్పటికి పదకొండుసార్లు గుర్తుచేశాను.