ప్లాస్టిక్ తొడుగు మీద ఇరవై రోజులు

చెప్పు ఎక్కడ జారిపోయిందో నాకు తెలియలేదు. చిక్కపేటలో నేను పనిచేసే పట్టుచీరల దుకాణం నుంచి బయలుదేరి మెట్రో స్టేషన్ మెట్ల దాకా వచ్చాక, వెనక నుంచి ఎవరో "సార్, చప్పలి! నిమ్మ చప్పలి!" అని నా చెప్పు గురించే కన్నడంలో అరిచాడు. తిరిగి చూస్తే పూలమ్మే ఆవిడ గంప పక్కన నా ఎడమ చెప్పు బోర్లా పడి ఉంది. అంత దూరం ఒంటి చెప్పుతో మధ్యాహ్నపు ఎండలో నడిచాను. ఎడమ పాదానికి రోడ్డు వేడి తగలనే లేదు.

చెప్పు తెచ్చి ఇచ్చినవాడు నవ్వి, ఫోన్‌లో మునిగిపోయారా సార్ అని కన్నడంలో అడిగాడు. నా చేతిలో ఫోన్ లేదు. ఇంకో రోజైతే ఆ నవ్వుకు తగిన జవాబే ఇచ్చేవాణ్ణి. ఆ రోజు ఒంగి, ఎడమ పాదాన్ని చేత్తో తడిమి చూసుకున్నాను.

ఎందుకంటే ఆ కాలును నేను ఇంతకు ముందే చూశాను, వేరే మనిషికి. మా దుకాణంలో నాతోపాటు ముప్పై ఏళ్లు చీరలు విప్పి చూపించిన ఒక పెద్దాయన ఉండేవాడు. నేలంతా తెల్ల దుప్పటి పరిచిన పరుపు, దాని మీద పొద్దున్నుంచి సాయంత్రం దాకా మఠం వేసుకుని కూర్చోవడం, ఇదీ మా ఉద్యోగం. పరుపని పేరేగానీ, కూర్చుని కూర్చుని అది అట్టలా అయిపోయింది. ఆయన పాదం ముందు మొద్దుబారింది. తర్వాత పైకి లేవడం మానేసింది. నడుస్తుంటే చెప్పు కొస నేలను గీసుకుంటూ వచ్చేది. ఆయన కనబడకముందే ఆ చప్పుడు వినబడేది. డాక్టరు దగ్గరికి వెళ్ళడం ఆలస్యమైందన్నారు. యజమాని శాలువా కప్పి, మిఠాయి డబ్బా చేతిలో పెట్టి ఇంటికి పంపించాడు.

ఆ వారమే నేను కూర్చోవడానికి ఒక స్టూలు అడిగాను. "నువ్వు స్టూలెక్కి కూర్చుంటే గిరాకీ నీ కాళ్ళ దగ్గర కూర్చోవాలనా?" అన్నాడు యజమాని, అందరూ వినేటట్టు. అప్పుడు గల్లా దగ్గర ఎవరెవరు నవ్వారో వరస తప్పకుండా ఇప్పటికీ చెప్పగలను.

చెప్పు జారిన వారంలోనే తీయించిన నా స్కాన్ చూసి డాక్టరు, నడుములో డిస్కు జరిగి నరాన్ని నొక్కుతోందని చెప్పాడు. ఆరు వారాలు గడువిచ్చాడు. నేల మీద కూర్చోకూడదు, నడుము కిందికి దిగని గట్టి పరుపు మీద పడుకోవాలి, కసరత్తులు చేయాలి. ఆరు వారాల తర్వాత పాదం లేవకపోతే ఆపరేషన్ తప్పదన్నాడు. ఆపరేషన్ చేస్తే బాగవుతుందా అని అడిగాను. సాధారణంగా, అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని ఇంటికి వచ్చాను.

మా ఇంట్లో ఉన్నది పెళ్ళినాటి దూదిపరుపు. మధ్యలో ఒక గుంట, చుట్టూ గడ్డలు.

"దూది ఏకేవాళ్ళు ఇప్పుడు మన వీధికి యాడొస్తా ఉండారు?" అంది నా భార్య. "కొత్తదే కొందాం పదండప్పా. కాలికంటే డబ్బు ఎక్కువనా?"

ఎక్కువ కాదు. కానీ ఒకటి కొని అది సరిపోకపోతే రెండోది కొనే స్తోమత మాకు లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు గనుక ఇద్దరం పైకి అనలేదు.

మైసూరు రోడ్డు మీద ఒక పరుపుల దుకాణానికి వెళ్ళాం. అమ్మేవాడు నన్ను నేరుగా అన్నిటికంటే మెత్తటి పరుపు దగ్గరికి తీసుకెళ్ళాడు. వాడి ఎత్తు నాకు తెలుసు. మేమూ మొదట మెత్తటి చీరనే చేతికిస్తాం. చేయి ఒకసారి ఆ మెత్తదనం మరిగితే తర్వాత చవకది ఏది ముట్టుకున్నా గరుగ్గానే ఉంటుంది. తెలిసి కూడా పడుకున్నాను. పరుపు నన్ను నడుము దాకా మింగింది. లేవబోయాను. కుడికాలు లేచింది. ఎడమకాలు నాది కానట్టు అక్కడే ఉండిపోయింది. మోచేతుల మీద లేవాలని చూస్తే మోచేతులు కూడా దిగిపోయాయి. ఒక్క క్షణం నా మీద మట్టి కప్పినట్టు అనిపించింది. నా భార్య ఒక చెయ్యి, వాడొక చెయ్యి పట్టుకుని లాగారు.

లేచి చెమట తుడుచుకుంటుంటే వాడు పక్కవాడితో "అంకల్ నిద్దె మాడక్కే బందవ్రె" అన్నాడు. నేను ఈ ఊళ్ళో పుట్టినవాణ్ణి. నిద్రపోవడానికే వచ్చాడని నన్నెగతాళి చేస్తుంటే నాకు తెలియకపోతుందా? "నిద్రకు కాదు నాయనా, నడకకు వచ్చాను" అని కన్నడంలోనే చెప్పాను. వాడి మొహం మాడింది. నాకు సంతోషం కలగలేదు.

ఆ తర్వాత మేం చూసినవన్నీ చవకవే. పిడికిలితో నొక్కి, గుంట ఎంతసేపట్లో పూడుతుందో చూశాను. అంచు మీద కూర్చుంటే జారుతుందేమో చూశాను. నేను వెల్లకిలా పడుకుంటే నా భార్య నడుము కింద చెయ్యి దూర్చింది. చెయ్యి సులువుగా దూరిపోతే మరీ గట్టి, దూరకపోతే మరీ మెత్తన, కాస్త కష్టం మీద దూరితే సరి అని ఎవరో చెప్పారు. అయితే లోపల ఏముందో, అది ఎన్నాళ్ళుంటుందో చెయ్యికి తెలియదు. చీర కొంగు విప్పి చూపిస్తాం గానీ పరుపు పొట్ట విప్పి ఎవరూ చూపించరు. చివరికి కొబ్బరిపీచు మీద పలచటి నురుగుపొర వేసినది ఒకటి తీసుకున్నాం.

"ముప్పై రోజుల్లో నచ్చలేదంటే వాపస్ సార్" అన్నాడు వాడు. "కవర్ మాత్రం చిరగకూడదు, మరక పడకూడదు."

ఇంటికి వచ్చాక నా భార్య ఆ ప్లాస్టిక్ కవరు తియ్యలేదు. మా ఇంట్లో టీవీ రిమోటుకీ కవరే, ఫ్రిజ్ పిడికీ కవరే. "చినిగితే వాపస్ తీసుకోనన్నాడు కదా, ఉండనీ" అంది. నేను సంతోషంగా ఒప్పుకున్నాను. కొన్న ప్రతి వస్తువు రసీదూ దాచుకునేవాణ్ణి. కవరు ఉన్నంత కాలం వాపస్ అడిగే నా మాట చెల్లుతుంది అనుకున్నాను.

దాని మీద దుప్పటి పరిచి పడుకున్నాను. కదిలితే ఎండుటాకులు తొక్కిన చప్పుడు. పొద్దున లేచేసరికి దుప్పటి కాళ్ళ దగ్గర ముద్దయ్యేది, వీపు తడిసిపోయేది, నేను మంచం కొసకు జారి ఉండేవాణ్ణి. నడుము బిగుసుకుపోయేది. గట్టి పరుపంటే ఇలాగే ఉంటుంది కాబోలు అని ఓర్చుకున్నాను.

రోజూ కాఫీకి ముందు నా భార్య నా అరికాలి మీద దువ్వెన పళ్ళతో గీసేది. నేను కళ్ళు మూసుకుని ఎక్కడ గీసిందో చెప్పాలి. మొదటి వారం కాస్త మసగ్గానైనా చెప్పగలిగాను. పన్నెండో రోజు కళ్ళు మూసుకుని ఎదురుచూస్తూ, "ఊఁ, గీయి" అన్నాను.

ఆమె దువ్వెన కింద పెట్టింది. "గీసినానప్పా" అంది.

ఆ రోజు కాఫీ చల్లారిపోయింది.

ఇరవయ్యో రోజున, కసరత్తులు నేర్పించే ఆస్పత్రి అమ్మాయి నా నడుము తడిమి చూసి ముఖం చిట్లించింది. మొన్నమొన్ననే అనంతపురం నుంచి వచ్చిన పిల్ల.

"రాత్రంతా ఏం చేస్తున్నారంకుల్? ఈ మజిల్స్ అసలు రెస్ట్ తీసుకున్నట్టే లేవు. బెడ్ ఎలాంటిది?"

చెప్పాను. కవరు సంగతి కూడా చెప్పాను.

"కవర్ తీయలేదా? సీరియస్‌గా?" అని నవ్వేసింది. తర్వాత నా మొహం చూసి ఆపుకుంది. "జారిపోకుండా రాత్రంతా మీ నడుమే మిమ్మల్ని పట్టుకుంటోంది. ఇరవై రోజులు మీరు పరుపు మీద పడుకోలేదంకుల్, ప్లాస్టిక్ మీద పడుకున్నారు."

ఆ నవ్వును నేను మరచిపోలేదు. కానీ ఆమె చెప్పింది నిజం.

ఇంటికొచ్చి మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. వాపస్ గడువు ఇంకా పది రోజులుంది. తిరిగిస్తే ఇంకొకటి వస్తుంది. దాన్నీ కవరు మీదనుంచే చూడాలి. అలా నెలకొకటి చొప్పున మారుస్తూ పోతే పరుపులు దొరుకుతాయి, పాదం ఆగదు. చించితే ఇది ఎలాంటిదో ఈ రోజే తెలుస్తుంది. చెడ్డదైతే మాత్రం అడిగినా పట్టించుకునే నాథుడుండడు.

"చించినాక ఇదీ సరిపోకుంటే ఏం చేస్తారు?" అంది నా భార్య గుమ్మంలోంచి.

"నేల మీద పడుకుంటాను."

"నేల మీద పడుకుంటే మళ్ళీ లేస్తారా?"

గడ్డం గీసుకునే బ్లేడు తెచ్చి ఒక మూల నుంచి ఇంకో మూలకు కోశాను. లోపలి నుంచి జిగురు వాసన గుప్పుమంది. నా భార్య రెండు చేతులతో కవరు లాగింది. బట్ట బయటపడింది, పలచటి నీలిపూల బట్ట. దాని మీద అరచెయ్యి పెడితే చెయ్యి జారలేదు.

పడుకున్నాను. ఒళ్ళంతా ఒక్కసారి బరువై నిలిచింది. అప్పుడు పట్టుకున్న భయం అంతకు ముందు ఎరగను. ఇన్నాళ్ళూ ఏ వస్తువు పాడైనా దాని వెనక నేను పోట్లాడటానికి ఒక మనిషి ఉండేవాడు. ఇప్పుడు ఈ పరుపుకీ నా వెన్నుకీ మధ్య ఎవరూ లేరు.

ఆరు వారాలు నిండాక డాక్టరు నన్ను మడమల మీద నడవమన్నాడు. కుడి వేళ్ళు నిటారుగా లేచాయి. ఎడమ వేళ్ళు ఆలస్యంగా, సగం లేచాయి. మూడడుగులు వేశాక దిగిపోయాయి. ఇంకోసారి అన్నాడు. మళ్ళీ సగమే. కాగితం మీద ఏదో రాసుకుని, ఇప్పుడు ఆపరేషన్ వద్దు, మూడు నెలలు చూద్దాం అన్నాడు. దుకాణానికి ఎప్పుడు వెళ్ళవచ్చని అడిగితే, నేల మీద కూర్చునే పనికి మాత్రం వద్దని చెప్పాడు. మా దుకాణంలో ఇంకో రకం పని లేదు.

ఆటోలో నా భార్య నా మోకాలి మీద చెయ్యి వేసింది. "ఆపరేషన్ వద్దనే కదప్పా చెప్పినాడు. ఇంకా ఆ మొహమేంది?"

"వద్దనలేదు. ఇప్పుడు వద్దన్నాడు."

"మీకు ఏది చెప్పినా అందులో ఒక రాయి దొరుకుతాది" అని ఆమె అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. అన్నం తిని పరుపు మీద వెల్లకిలా పడుకున్నాను. ఎడమ వేళ్ళు కదిలించాను. కదిలాయి. కళ్ళు మూతలు పడుతున్నాయి. నిద్రలోకి జారితే ఆగిపోతాయేమోనని మళ్ళీ కదిలించి, అవి కదిలాయో లేదో తల ఎత్తి చూశాను.