సగం చక్రం దాకా

మా ఇంట్లో మునగడం అనే మాట ఎవరూ అనకూడదు. కంకిపాడు దగ్గర మా పొలాల్లో కోతకొచ్చిన వరి నీళ్ళలో నానుతున్నప్పుడు కూడా మా అమ్మ ‘చేలో నీళ్ళు నిలిచాయి’ అనేదే తప్ప, చేను మునిగిందని అనేది కాదు. నాన్న రైసు మిల్లు చెయ్యి జారిన ఏడాది ఊరంతా మేం మునిగామని చెప్పుకుంది. మేం మాత్రం ‘మిల్లు ఆపేశాం’ అన్నాం. పొలాలు పోయాక, ఇల్లు పోయాక, విజయవాడలో అద్దె వాటాలోకి వచ్చాక కూడా అదే అన్నాం. ఎందుకు ఆపేశారని నాన్నని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. తల దించని ఆయన నడక అలాంటిది. ఆయన నుంచి నాకు దక్కింది ఆ నడకే.

నా భార్య కూచిపూడి దగ్గరి ఒక స్కూల్లో లెక్కల టీచరు. రోజూ బస్సులో వెళ్ళి వచ్చేది. మొన్న వేసవిలో ఆవిడ ఎడమ మోకాలు అరిగిపోయిందని, బస్సు మెట్లు ఎక్కడం మానకపోతే నడవడమే మానాల్సి వస్తుందని డాక్టరు చెప్పాడు. ఉద్యోగం మానెయ్యమన్నాను.

“మీరు సలహాలివ్వడం మానెయ్యండి,” అంది.

ఆవిడకు కారు నడపడం వచ్చు. ఆ కాలితో క్లచ్ తొక్కడమే కుదరదు. క్లచ్ లేని బండి కావాలి, రోజూ అంత దూరానికి పెట్రోలు పొయ్యలేం. అలా కరెంటు కారు దగ్గరికి వచ్చాం.

కొత్తదే కొనాలన్నాను. ఒకరు వాడి వదిలేసిన వస్తువు మా గడప ఎప్పుడూ తొక్కలేదు. షోరూములో టై కట్టుకున్న సేల్స్ మనిషి ఎదురొచ్చి, ఇప్పుడేం కారు వాడుతున్నారని అడిగాడు. బస్సు అన్నాను. జోకనుకుని నవ్వాడు. మాకు అందేది వాళ్ళ దగ్గర ఉన్నవాటిలో అన్నిటికన్నా చిన్నది.

“ఒక్క చార్జింగుతో కూచిపూడి వెళ్ళి వచ్చేస్తుందా అండీ?” అని నా భార్య అడిగింది.

“ఏసీ ఆపుకుని మెల్లగా పోతే రావచ్చు మేడమ్. లేదంటే స్కూల్లో ఎక్కడో ఒక ప్లగ్గు ఉంటుందిగా, పెట్టేసుకోండి.”

పెట్టేసుకోవాలట! రోజూ పరాయి చోట కరెంటు అడుక్కోవాలట. నాకు చెవులు కాలిపోయాయి. బయటికొచ్చాక ఆవిడ, “ఎండల్లో ఏసీ లేకుండా వెళ్ళొస్తే సాయంత్రానికి ఉడికిపోతాను. మీరే దించి గంజి వార్చుకోండి,” అంది.

మర్నాడు రింగు రోడ్డు పక్కన పాత కార్లు అమ్మే చోటుకు నన్ను లాక్కెళ్ళింది. అక్కడి బ్రోకరు ఒక తెల్లకారు చూపించాడు. సీట్లకు కొత్త కవర్లు, లోపల మల్లెపూల సెంటు. బుడమేరు వాగు పొంగి వీధుల్లోకి వచ్చిన ఏడాది నుంచి ఈ ఊళ్ళో పాత బండి కొనేవాళ్ళు మొదట అడిగేది ఒకటే ప్రశ్న. ఆ మాట నా నోట రాదు. నా భార్యే అడిగింది.

“మునిగిన బండి కాదుగా?”

“రామ రామ! చుక్క నీరు తగల్లేదమ్మా. మా పిల్లల మీద ఒట్టు.”

డ్రైవరు సీటు బెల్టు పట్టుకుని చివరికంటా బయటికి లాగాను. లోపల చుట్టుకుని ఉండే భాగం మీద బూడిదరంగు చార ఉంది. గోటితో గీరితే మెత్తగా రాలింది. వరద తీశాక చేలో మిగిలే వండ్రుమట్టి. దాన్ని నేను కళ్ళు మూసుకుని కూడా పోల్చగలను.

“ఇదేమిటి?”

“దుమ్మండీ.”

“వండ్రుకీ దుమ్ముకీ తేడా నాకు చెబుతావా? పొలాల్లో పుట్టినవాణ్ణి.”

“అలాగా! ఇంకా ఉన్నాయా అండీ పొలాలు?” అన్నాడు, నా చెప్పుల వంక చూస్తూ.

వాడి చొక్కా పట్టుకోకపోవడానికి కారణం నా పెంపకం కాదు, నా మోచెయ్యి పట్టుకున్న నా భార్య. ఆటోలో కూర్చున్నాక, ఇక కొత్తదే, ఆ చిన్నదే కొందామన్నాను.

“బెల్టు మీద మట్టి చూసినందుకు కాదు మీ కోపం.”

“మరి?”

“పాత బండిలో మనల్ని చూసి, వీళ్ళు దిగజారారు అనుకుంటారని.”

“అనుకోరా?”

“అద్దె వాటాలో ఉండగా ఇంకా కొత్తగా అనుకునేదేముందండీ?”

ఆటో డ్రైవరు అద్దంలోంచి నవ్వాడు.

ఆ వారం ఆవిడతో పనిచేసే టీచరు ఒకావిడ చెబితే వన్ టౌన్ వెళ్ళాం. తాళాలు, బోల్టులు హోల్‌సేల్‌గా అమ్మే ముస్లిం పెద్దమనిషి తన కరెంటు కారు అమ్ముతున్నాడు. షోరూములో చూసినదానికన్నా పెద్ద బండి. ఈసారీ నా భార్యే అడగబోయింది. ఆవిడ నోరు తెరిచేలోపే ఆయన అన్నాడు:

“ముందే చెబుతున్నానండీ, ఇది మునిగిన బండి. సింగ్ నగర్‌లో మా అమ్మాయి ఇంటిముందు ఉండగా వరదొచ్చింది. సగం చక్రం దాకా. లోపలికి రాలేదు. కంపెనీవాళ్ళు బ్యాటరీ పరీక్ష చేశారు. మీరూ చేయించుకోండి.”

ఎంత తేలిగ్గా అన్నాడో! పక్కన గుమాస్తాలు బోల్టులు తూస్తున్నారు, బేరగాళ్ళు వింటున్నారు. నాకు ఒళ్ళు మండింది.

“అలా అందరి ముందూ చెప్పుకుంటే బండి ఎవరు కొంటారు?”

“చెప్పకుండా అమ్మితే రేపు నా కొట్టుముందు అందరూ వినేలా మీరే చెబుతారు. అదేదో నేనే చెప్పేస్తే పోతుంది కదండీ,” అని ఛాయ్ తెమ్మని కేకేశాడు.

బెల్టు చివరికంటా లాగి చూశాను. శుభ్రంగా ఉంది. ఆదివారం నా భార్య నడుపుతుండగా, ఆయన వెనక సీట్లో కునుకు తీస్తుండగా, ఏసీ వేసుకుని స్కూలు గేటు దాకా వెళ్ళి వచ్చాం. ఇంకా కంకిపాడు వెళ్ళి రావడానికి సరిపడా చార్జి మిగిలింది. ఆవిడ మోకాలు గురించి ఒక్కమాట అనకుండా కారు దిగింది. అది చూశాక నేను కాదనలేకపోయాను. అలాగని నా కోపం తగ్గలేదు. ఒక కొట్టు యజమాని ఛాయ్ చెబుతూ అనెయ్యగలిగిన మాటను నోట్లోనే ఉంచుకుని నాన్న చివరిదాకా బతికాడు. మమ్మల్నీ అలాగే బతకమన్నాడు.

కారు ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున్నే మా బాబాయ్ వచ్చాడు. నాన్నకు తమ్ముడు, అదే నడక. వీధిలో కారు చుట్టూ తిరిగాడు.

“కొత్తదేనట్రా?”

“పాతది.”

ఆయన గొంతు తగ్గించాడు. “పోనీలే. ఎవరైనా అడిగితే ఫ్రెండు ఇచ్చాడని చెప్పు. నీళ్ళల్లో గట్రా నిలిచింది కాదు కదా?”

“నిలవడం కాదు బాబాయ్, మునిగింది.”

“ష్! వీధిలో ఏమిట్రా ఆ మాట?”

“మునిగింది!” అని అరిచాను. “సగం చక్రం దాకా మునిగింది. మన మిల్లు నిలువునా మునిగింది. ఆపెయ్యలేదు!”

పైవాటా వాళ్ళు బాల్కనీలోకి వచ్చారు. కారు అద్దం కిందికి దిగింది.

“ఏవండీ, తర్వాత అరుద్దురుగాని. ఇద్దరూ పక్కకు తప్పుకోండి, ప్రేయరు బెల్లు కొట్టేస్తారు,” అంది నా భార్య.