రెండు గ్రాఫిక్స్ కార్డులకూ పదకొండే

2019 జూన్‌లో నన్ను మహబూబ్‌నగర్ నుంచి నల్గొండకు బదిలీ చేసి, డివిజన్ కార్యాలయంలో పటాల విభాగం అప్పగించారు. హోదా డిప్యూటీ ఇంజనీరు. శాఖ పేరు రాయను. పింఛను అక్కడినుంచే వస్తోంది. ముప్పై ఏళ్లు గొలుసు లాగి, లెవెల్ పెట్టి నేల కొలిచినవాణ్ణి. నేను వెళ్లేసరికి ఆ పని డ్రోన్ చేస్తోంది. అది పైనుంచి తీసిన వందల ఫొటోలను కలిపి, తెరమీద గుట్టలూ వాగులూ లేచి నిలబడేలా పటం తయారుచేసే పని స్వరూపది.

స్వరూప మక్తల్ దగ్గరి అమ్మాయి. ఔట్‌సోర్సింగ్ ఆపరేటరు. అంటే పని ప్రభుత్వానిది, ఉద్యోగం ఏజెన్సీది, తిట్లు రెండుచోట్లవీ. ఆమె కాంట్రాక్టును ఏటా పొడిగించాలి. ఆ ఏటి గడువు జూలై ఆఖరు. అప్పటికే ఆమెకు ఒక మెమో అందింది. దేవరకొండ వైపు గుట్టల పటాలు ఆలస్యమవుతున్నాయి, సంజాయిషీ ఇవ్వాలని. పటాన్ని తెరమీద తిప్పితే నత్తనడక నడుస్తోందని, కంప్యూటర్‌లోని గ్రాఫిక్స్ కార్డు పాతబడిందేమోనని ఆమె జవాబు రాసింది. ఉగాది దాకా బాగానే ఉండేదని, ఆ తర్వాతే మొండికేసిందని కూడా రాసింది. ఆ వాక్యాన్ని మాలో ఎవరూ చదవలేదు.

గ్రాఫిక్స్ కార్డు అంటే కంప్యూటర్ పెట్టెలో బొమ్మలు గీసే బరువును విడిగా మోసే పలక. సెకనుకు ఎన్ని చిత్రాలు గీస్తుందో లెక్కించి దాని వేగం చెబుతారు. ముప్పై దాటితే కంటికి సాఫీగా ఉంటుంది.

సంజాయిషీ హైదరాబాద్‌లోని పై కార్యాలయానికి వెళ్లింది. అక్కడినుంచి నమూనాగా ఒక కొత్త కార్డు, దాంతోపాటు ఒక ఉత్తర్వు వచ్చాయి. పాత కార్డునూ కొత్త కార్డునూ పోల్చి నివేదిక పంపాలి. తేడా లేకపోతే ఆలస్యానికి ఆపరేటరే బాధ్యురాలు, కాంట్రాక్టు పొడిగించనక్కర్లేదు. ఒక మనిషి కొలువును రెండు పలకల పందెం మీద పెట్టారన్నమాట.

ముగ్గురితో కమిటీ వేశారు. అధ్యక్షులు ఈఈ గారు, అంటే కార్యనిర్వాహక ఇంజనీరు. సభ్యులు సూపరింటెండెంటు గారు. సాంకేతిక సభ్యుణ్ణి నేను. పాత కార్డుకు ఒక ఫ్యాను, కొత్తదానికి రెండు. సూపరింటెండెంటు గారు ఫ్యాన్లు లెక్కపెట్టి, మన ఎండలకు రెండోదే మేలని పరీక్షకు ముందే తేల్చేశారు. అటెండర్ యాదయ్య కొత్త కార్డుకు కుంకుమ బొట్టు పెట్టాడు. ఎక్కడ పెట్టకూడదో నేను చెప్పేలోపే పెట్టాడు. పెట్టె విప్పడం, వైర్లు బిగించడం కూడా మా ఆఫీసులో యాదయ్య పనే; ఒకప్పుడు రేడియోలు బాగుచేసిన అనుభవం ఉందని ఆ బాధ్యత అతనికి దక్కింది.

పరీక్ష పద్ధతి నేనే రాశాను. ఆ కాగితం చూసుకుని కాస్త గర్వపడ్డాను కూడా. అదే కంప్యూటరు, అదే గుట్ట పటం, తెరమీద పూర్తిగా ఒక చుట్టు, ఒక్కో కార్డుకు మూడుసార్లు. పాత కార్డు పదకొండు, పదకొండు, పదకొండు చూపింది. యాదయ్య కార్డు మార్చాడు. కొత్తది కూడా పదకొండు, పదకొండు, పదకొండు. ఈఈ గారి ముఖం వికసించింది. పోలిక పట్టికలో ఇంత శుభ్రంగా కుదిరిన అంకెలు తన సర్వీసులో చూడలేదన్నారు. ఆడలేక మద్దెల ఓడన్నదట అని స్వరూప వినేలానే అన్నారు.

స్వరూప ఆ పట్టికను కాసేపు చూసింది. వాళ్ల నాన్న గొర్రెలు మేపి సంతలో అమ్ముతాడు. "రెండు గొర్లు ఒక్క తీరుగ తూగితే మా బాపు గొర్లను చూడడు సార్, ముందుగాల కాంటా చూస్తడు" అంది. ఇది సంత కాదమ్మా, సాంకేతిక పరీక్ష అన్నాను నేను. అని సంతకం చేశాను. పెన్ను నాదే కాబట్టి ఆ నేరం ఇంకెవరి మీదా నెట్టలేను.

మర్నాడు పొద్దున్నే ఆ పదకొండు నన్ను గుచ్చడం మొదలుపెట్టింది. నేల ఎత్తుపల్లాలు కొలిచే లెవెలింగులో పోయేటప్పుడు తీసిన అంకెకూ తిరిగొచ్చేటప్పుడు తీసిన అంకెకూ పిసరంత తేడా ఉండి తీరుతుంది. ఏ కుర్ర అసిస్టెంట్ ఇంజనీరయినా తేడా లేని అంకెలు పట్టుకొస్తే, అవి టీకొట్లో కూర్చుని రాసినవని గుర్తుపట్టి, మళ్లీ ఎండలోకి తరిమేవాణ్ణి. అదే నేను, ఆరుసార్లు వరసగా పదకొండు వస్తే పట్టికను మెచ్చుకుని ఊరుకున్నాను. సిగ్గేసింది.

ఆఫీసుకు వెళ్లి పెట్టె వెనక వంగి చూశాను. వెనకవైపు తెర వైరుకు రెండు చోట్లుంటాయి. పైన ఉన్నది కంప్యూటర్ సొంత చిన్న ఏర్పాటుది, ఉత్తరాలు టైపు చేసుకోవడానికి చాలు. కింద ఉన్నది గ్రాఫిక్స్ కార్డుది. మా వైరు పైన ఉంది. పాత కార్డూ పని చేయలేదు, కొత్త కార్డూ పని చేయలేదు. రెండు ఫ్యాన్లూ కుంకుమబొట్టుతో సహా ఊరికే తిరిగాయి. మేం ఆరుసార్లు కొలిచింది ఆ రెండూ కాని మూడోదాన్ని.

యాదయ్యను పిలిచి అడిగాను. "ఉగాది పోయినంక ఈఈ సారు వాస్తు చూపించి టేబుల్ తూర్పుకు తిప్పమన్నరు గద సార్. తిప్పితే వైరు జానెడు తక్కువైంది, కిందికి అందలే. పైన జాగా ఖాళీ ఉండె, అండ్ల పెట్టిన. బొమ్మ వచ్చింది గద సార్" అన్నాడు. అతని మాటలో తప్పేమీ లేదు. బొమ్మ వచ్చింది.

పెట్టెను తెర దగ్గరికి జరిపి, వైరు కింద పెట్టి మళ్లీ కొలిచాం. పాత కార్డు నలభైకి అటూఇటూ, మూడుసార్లూ మూడు రకాలుగా. కొత్తది తొంభై చిల్లర. స్వరూప గుట్టను వేలితో తిప్పినట్టు ఒక చుట్టు తిప్పి, "గిదే సార్. ఉగాదికి ముందుగాల గిట్లనే ఉండె" అంది. నేను ఆమె ముఖంలోకి చూడలేకపోయాను.

సంగతి ఈఈ గారికి చెప్పాను. ఆయనకు ప్రమోషన్ ఆగిపోయి, ఆఫీసులో బల్లలన్నీ తూర్పుకు తిరిగిన రోజులవి. "రిపోర్టుకు డిస్పాచ్ నంబర్ పడ్డది. ఇప్పుడు వాస్తు ముచ్చట పైకి రాస్తవా?" అన్నారు. వాస్తు రాయనన్నాను. వైరు తప్పుచోట ఉండగా సాంకేతిక సభ్యుడు చూడకుండా సంతకం చేశాడని, ఆపరేటరు తప్పేమీ లేదని రెండో నివేదిక రాశాను. తప్పు మోసేవాడు దొరికాక ఈఈ గారు చదవకుండానే సంతకం పెట్టారు.

పై కార్యాలయం మా రెండు నివేదికలకూ జవాబిచ్చింది. ఇరు కార్డులూ సమానం కనుక కొత్తది వాపసు చేయమని ఒకటి. పాత కార్డే సరిపోతుంది కనుక కొత్తది వాపసు చేయమని ఇంకొకటి. అది బొట్టుతోనే వెళ్లింది. స్వరూప కాంట్రాక్టు పొడిగించారు. మెమో సంగతి మరిచిపొమ్మని ఈఈ గారు నోటిమాటగా చెబితే, "ఇచ్చింది కాయితం మీద గద సార్, తీసుకునుడు గూడ కాయితం మీదనే కావాలె" అని నిలబడి రాయించుకుంది. టేబులు మాత్రం తూర్పుకే ఉంది. వైరు అందేలా పెట్టె కింద పాత కొలతల పుస్తకాలు ఎత్తు పెట్టాం.

నాకు మెమో వచ్చింది. రెండూ సమానంగా తూగినప్పుడు కాంటా చూడలేదని ఒక్క వాక్యం సంజాయిషీ రాశాను.

ఆ ఉదంతం నేర్పినవి రెండు. పోల్చేముందు ఆ వస్తువులు అసలు కొలతలోకి వచ్చాయో లేదో చూసుకోవాలి. ఫలితంతో ఎవరి కొలువు ముడిపడి ఉందో వాళ్ల మాట సంతకానికి ముందు వినాలి. నేను రెండూ సంతకం అయ్యాక చేశాను.