రామానుజం మామ అరుపు

రామానుజం మామకు మెల్లగా మాట్లాడడం చేతకాదు. ఆయన మేనకోడలు నిత్యనే కాదు, ఆళ్లగడ్డలో ఎవరినడిగినా ఈ మాటే చెబుతారు. ఇంటి ముందు నిలబడి ఆయన ఒకరిని "బాగుండావా అప్పా?" అని పలకరిస్తే, పక్కవీధిలోంచి ముగ్గురు "బాగుండాం సామీ" అనేవారు. నంద్యాల బస్సులో "ఆపప్పా!" అన్నాడంటే ఆ బస్సుతో పాటు వెనకొచ్చే లారీ కూడా ఆగేది. ఆయన ఫోను చేస్తే, ఎత్తినవాళ్లు దాన్ని మంచం మీద పెట్టి గడప దగ్గర నిలబడి వినేవారు.

అహోబిలం గుడి వంటశాలలో పులిహోర కలపడం ఆయన పని. "ఉప్పేసినావా?" అని పక్కనున్న వంటాయన్ని అడిగితే, బయట ప్రసాదం వరుసలో ఉన్న భక్తులు ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. ఒకసారి స్నేహితుడు మహానందయ్య చెవి దగ్గర నోరు పెట్టి, "మా నిత్యకు సంబంధం చూస్తాండాం, ఎవురికీ చెప్పొద్దు" అన్నాడు.

"చెప్పంలే సామీ!" అని వీధి వీధంతా మాటిచ్చింది.

ఇంట్లోనూ అంతే. పక్కింట్లో కొత్తగా దిగిన మంజుల, మొదటిరోజే కొట్లాట తీర్చడానికి పరుగెత్తుకొచ్చింది.

"ఏందమ్మా, పొద్దున్నే ఈ గొడవ?"

"గొడవ యాడుంది?" అంది మామ భార్య వరదమ్మ, ఆయన కంటే గట్టిగా. "బెండకాయ చేసేదా, వంకాయ చేసేదా అని మాట్లాడుకుంటాండాం!"

చుట్టాలంతా చెప్పుకుని నవ్వుకునేవారు. అందరికంటే ఎక్కువగా నవ్వింది నిత్యే. ఇప్పుడవి తలచుకుంటే నవ్వుకు ముందు దిగులొస్తుంది ఆమెకు.

నిత్య నంద్యాలలో, వీడియో గేములు చేసే ఓ చిన్న కంపెనీలో పని చేస్తోంది. యజమాని అనిరుధ్‌ది కూడా ఆ ఊరే. వాళ్లు చేస్తున్న ఆటలో ఒక బాటసారి నల్లమల అడవి దాటాలి. దోవలో రకరకాల మనుషులు ఎదురై మాట్లాడతారు. ఆ మాటలు రాసి, తగిన గొంతులతో పలికించడం నిత్య పని. అనిరుధ్ లెక్క ప్రకారం బాటసారిది పేపరు భాష. నీళ్లిచ్చే ముసలాయనదీ పేపరు భాషే. ఆట మొత్తంలో నంద్యాల వైపు మాట వచ్చేది ఒక్కడి నోట్లోంచే. వాడు కత్తి పట్టుకున్న దొంగ.

"మన మాట దొంగకేనా అన్నా?" అని నిత్య పోట్లాడేది. "నల్లమలలో ముసలాయన 'దయచేసి కూర్చోండి' అంటాడా? విన్నోళ్లు నవ్వరా?"

"మన మాట అరుపుకే బాగుంటాది నిత్యా. దాంట్లో మెత్తగా మాట్లాడేటోళ్లను యాడన్నా చూసినావా?" అనేవాడు అనిరుధ్. ఆ మాట కూడా ఆయన అచ్చం నంద్యాల యాసలోనే, మెత్తగానే అనేవాడు.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. దొంగ గొంతు రికార్డు చేసే రోజే ముసలాయన మాటలు కూడా రెండు రకాలుగా పలికించి వినాలి. మన మాట నచ్చితే అడవి మనుషులందరికీ అదే. నచ్చకపోతే ఇంక ఆ ఊసే ఎత్తకూడదు.

"దొంగకు మంచి గొంతు కావల్ల. ఆళ్లగడ్డలో మీ మామ ఉండాడు గదా, పిలిపీ" అన్నాడు అనిరుధ్.

నిత్య అయిష్టంగానే మామకు ఫోను చేసింది. అనిరుధ్ వాదానికి మామను మించిన సాక్ష్యం భూమ్మీద లేదు.

మామ వరదమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. మెట్ల మీద నుంచే "ఏందీ, నన్ను దొంగను చేస్తారంట!" అన్నాడు. కింద టీ తాగుతున్నవాళ్లు గ్లాసులు పెట్టి లేచి నిలబడ్డారు.

రికార్డింగు గది చిన్నది, గోడల నిండా మెత్తటి స్పాంజి. ఒక పక్క అద్దం. అద్దానికి ఇవతల నిత్య, అనిరుధ్ హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నారు. వరదమ్మను ముందుగదిలో కూర్చోబెట్టారు.

"ఈడ మాట్లాడితే బయటికి వినపడదా?" అని అడిగాడు మామ.

"వినపడదు మామా. మా ఇద్దరికే వినిపిస్తాది."

"మీ అత్తకు?"

"అత్తకు అస్సలు వినపడదు."

తలుపు వేశారు. మామ కాగితం చూసి చదివాడు. "కదిల్తే నరుకుతా."

అనిరుధ్ మైకు చెడిపోయిందనుకున్నాడు. వైరు పీకి మళ్లీ పెట్టాడు. మీటలన్నీ పైకి తోశాడు. "ఇంగోసారి, సామీ!"

"కదిల్తే నరుకుతా."

ఈసారి స్పష్టంగా వినపడింది. పసిబిడ్డను నిద్రపుచ్చుతున్నవాడు పక్కవాళ్లతో మాట్లాడినట్టు ఉంది. ఆ దొంగ చేతికి చిక్కినవాళ్లు కదలడం మాట అటుంచి, అక్కడే కునుకు తీస్తారు.

"అరువు సామీ! ఊళ్లో అరిచినట్టే అరువు!"

"ఎందుకప్పా అరిచేది?" అన్నాడు మామ అంతే మెత్తగా. "ఈడ చెవుడెవురికుండాది?"

నిత్య ముందుకు వంగింది. "చెవుడేందీ మామా?"

మామ కాగితం మడతపెట్టాడు. "మీ అత్తకు ఎప్పుడో చెవులు తగ్గినాయి పాపా. ఆ సంగతి ఆమెకు తెలీదు. ఆమెతో ఒక్కదాంతోనే గట్టిగా మాట్లాడితే కనిపెట్టేస్తాది గదా? అందుకే ఊరందరితో అట్లే మాట్లాడతాండా. రామానుజం గొంతే అంత అని అందరూ నవ్వుతారు. నవ్వనీ. ఆమెకైతే అనుమానం రాలా."

నిత్యకు తన నిశ్చితార్థం గుర్తొచ్చింది. "మామా, పెద్దపెద్దోళ్లొస్తాండారు, ఈ పూటకు నోరు తెరవొద్దు" అని చెప్పింది తనే. ఆయన తెరవలేదు. పక్కనే కూర్చున్న వరదమ్మ ఏమడిగినా తల ఊపి ఊరుకున్నాడు. "నా మీద కోపమొచ్చినట్టుంది మీ మామకు" అని అత్త దిగులుపడితే, నిత్య నవ్వేసి పోయింది. ఇంత కమ్మటి గొంతు ఇంట్లోనే ఉండగా, చిన్నప్పుడు ఒక్క కథైనా చెప్పించుకోలేదు. ఆయన పలకరిస్తే పారిపోవడమే తనకు తెలుసు.

నిత్య అంది, "ముసలాయన మాట చదువు మామా. ముందు కాగితంలో ఉన్నట్టు, తర్వాత నీకొచ్చినట్టు."

"దయచేసి కూర్చోండి. ఎండ తీవ్రంగా ఉంది" అని చదివాడు మామ, కరెంటు బిల్లు చదివినట్టు. తర్వాత కాగితం పక్కన పెట్టాడు.

"యాడికప్పా, ఇంత ఎండలో పోతాండావ్? కూసో. రోన్ని నీళ్లు తాగు. దోవ యాడికీ పోదులే."

అనిరుధ్ బాటిల్ అందుకుని సగం నీళ్లు తాగేశాడు.

"ఏమంటావన్నా?" అంది నిత్య.

"దప్పికైనాది" అన్నాడాయన. మూతి తుడుచుకుని, "సరే. అడవిలో అందరూ ఇట్లే మాట్లాడనీ. పేపరు భాష దొంగకు పెడదాం" అన్నాడు. అప్పటికప్పుడే రాసి చదివి వినిపించాడు కూడా. "కదలరాదు. కదిలినచో తగు చర్యలు తీసుకోబడును."

నిత్యకు నిజంగానే భయమేసింది.

ఆమె ముసలాయన మాటల రికార్డింగు పట్టుకుని ముందుగదికి పోయింది. సౌండు పూర్తిగా పెంచి, హెడ్‌ఫోన్లు అత్త చెవులకు పెట్టింది. వరదమ్మ కళ్లు మూసుకుని వింది. ఇంకోసారి పెట్టమంది. మళ్లీ వింది.

"ఎవురు మే ఈయప్ప?"

"మామే అత్తా!" అని నిత్య గట్టిగా చెప్పింది.

"మీ మామనా!" వరదమ్మ హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకుంది. "అవును మే, పెండ్లైన కొత్తల్లో ఇట్లే మాట్లాడేటోడు. పాపం, చెవులు పోయినాంకనే గొంతు పెరిగింది."

"ఎవురి చెవులు అత్తా?"

"ఎవురివేందీ, మీ మామవే! తన మాట తనకే వినపడక అట్లా అరుస్తాడు. నేను మెల్లగా మాట్లాడితే, వినపడక చిన్నబుచ్చుకుంటాడని ఇన్నేండ్లూ నేను గూడా గొంతు చించుకుంటాండా. చెవుడని ఆయనతో అనొద్దు మే, బాధపడతాడు."

ఇదంతా ఆమె రహస్యంగానే, కిటికీ అద్దాలు అదిరేలా చెప్పింది. నిత్య స్పాంజి గది తలుపు మూసుందో లేదో చూసుకుంది.

స్పాంజి గది తలుపు తెరుచుకుంది. మామ బయటికొచ్చాడు. "ఏం వరదా, విన్నావా?" అని ఉరిమాడు.

"విన్నా! బాగుండాది!" అని ఉరిమింది వరదమ్మ.

నిత్య ఇద్దరి మధ్యా నిలబడి ఉంది. ఎవరినీ గొంతు తగ్గించమనలేదు.