మా తమ్ముడి డ్యూటీ చార్టు

నా చిన్నప్పుడు భిలాయిలో మా ఇంటి వారాలకు పేర్లుండేవి. ఏ షిఫ్టు వారం, బి షిఫ్టు వారం, సి షిఫ్టు వారం. నాన్న స్టీలు ప్లాంటులో క్రేన్ నడిపేవాడు. ఆయనది ఏ షిఫ్టయితే ఇంటిల్లిపాదికీ తెల్లారకముందే తెల్లారేది. సి షిఫ్టు, అంటే రాత్రి డ్యూటీ పడితే మాకు పట్టపగలే అర్ధరాత్రి. కిటికీలకు దుప్పట్లు కట్టేవాళ్లం. రోట్లో పచ్చడి ఆ వారం బంద్. షిఫ్టు అనే మాట 'ష్'తోనే ఎందుకు మొదలవుతుందో నాకు బళ్లో వేసేనాటికే తెలుసు.

నాకు తొమ్మిదేళ్లు, తమ్ముడికి ఎనిమిది నెలలు. ఎండాకాలం సెలవులు. పొద్దుటి పనులతో అమ్మకు తెమలదు గనుక వాణ్ణి నిద్రపుచ్చే బాధ్యత నాకప్పగించింది. బాధ్యత అంటే చార్టు అని అప్పట్లో నా నమ్మకం. రఫ్ నోట్సు చివరి కాగితం మీద తమ్ముడికి డ్యూటీ చార్టు గీశాను. నాన్నకు ఏది పడితే వాడికీ అదే. ఆ వారం సి షిఫ్టు. నాన్న ఏడున్నరకి ఇంటికొచ్చి, స్నానం, టిఫిన్ ముగించి తొమ్మిదింటికి పడుకుంటాడు. కాబట్టి వాడూ సరిగ్గా తొమ్మిదింటికే. ఆదివారం వీక్లీ ఆఫ్ అని కూడా రాశాను. దేని నుంచి ఆఫో మాత్రం రాయలేదు.

చిక్కేమిటంటే వాడికి చదువు రాదు. ఎనిమిది కాకముందే తూలడం మొదలుపెట్టేవాడు. చార్టు ప్రకారం ఇంకా గంటుంది. స్టీలు పళ్లెం మీద గరిటెతో వాయించి, ఎగరేసి, చక్కిలిగింతలు పెట్టి ఎలాగోలా తొమ్మిది దాకా లాక్కొచ్చేదాన్ని. ముల్లు తొమ్మిది మీదికి రాగానే చీర ఉయ్యాలలో వేసేదాన్ని. అప్పుడు వాడు అందుకునేవాడు, నిద్ర కాదు, రాగం. మాదేమో రెండు గదుల క్వార్టరు. పక్క గదిలో నాన్న అటూ ఇటూ దొర్లుతున్న చప్పుడు ఆ రాగానికి తాళంలా వినిపించేది.

మూడు రోజులు ఇదే వరస. మూడోరోజు సాయంత్రం అన్నం ముందు కూర్చుని, ముద్ద చేతిలో ఉండగానే తల వాల్చేశాడు. ఆయన క్రేన్‌కు వేలాడేది కరిగిన ఇనుము నింపిన పెద్ద పాత్ర. ఆ చుట్టుపక్కలే మనుషులు పని చేస్తుంటారు. అమ్మ ఆయన చేతిలోని ముద్ద మెల్లగా తీసి కంచంలో పెట్టి, "ఇవాళ్టికి నాగా పెట్టకూడదా" అంది. ఆయన ముఖం కడుక్కుని సైకిలెక్కాడు. సైకిలు మలుపు తిరిగాక కూడా అమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. నేను చార్టు తీసి మళ్లీ చూశాను. ఎక్కడా తప్పు కనబడలేదు. తప్పంతా తమ్ముడిలోనే ఉందని తేల్చుకున్నాను.

మర్నాడు పొద్దున పెరుగు తోడు కోసం పక్కింటి పెద్దమ్మ వచ్చింది. శ్రీకాకుళం వైపు మనిషి, ఐదుగురిని పెంచింది. పళ్లెం మోత విని ఆగింది.

"ఏటే గుంటా, ఈ మోతేటి?"

"తొమ్మిది దాకా వీడు పడుకోకూడదు పెద్దమ్మా. సి షిఫ్టు" అని చార్టు చూపించాను.

"ఆడికీ డూటీ ఏసేవేటి. బాగుంది. మీ నాన్న డబుల్ డూటీ సేసి వొచ్చిన రోజు ఎలాగుంటాడో ఎప్పుడైనా సూసేవా?"

చూశాను. రిలీవరు, అంటే తర్వాతి షిఫ్టు మనిషి, రాకపోతే నాన్న తన చోటు వదిలి రాకూడదు, రెండో షిఫ్టు కూడా ఆయనే చేయాలి. అలాంటి రోజు మంచమెక్కినా ఆయన కన్ను మూతపడేది కాదు. చెంచా కింద పడినా కసిరేవాడు.

"ఈడిదీ అదే. నిద్దరే ఆడికి రిలీవరు. అది ఎనిమిదింటికే వొచ్చి గుమ్మంలో నిలబడతంది. నువ్వు పళ్లెం వాయించి తగిలేస్తన్నావు" అంది. తోడు తీసుకుని వెళ్తూ, "మా గడియారం ఆగిపోనాది. మీది రెండ్రోజులు అట్టుకెల్తాను" అని అమ్మతో అంది. అమ్మ సరేనంది. టైము ఎలా తెలుస్తుందని నేను లబలబలాడాను.

"ఆడి మొకంలో సూడు. ఏటి కనబడిందో నాకు సెప్పు."

మరుసటి పొద్దున పళ్లెం పక్కనబెట్టి వాడి ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. ముందు రబ్బరు ఏనుగు చేతిలోంచి జారింది, వాడు వెతుక్కోలేదు. తర్వాత ఎడమ చెవి లాక్కున్నాడు. కుడి చెవి జోలికి పోలేదు, ఎందుకో ఇప్పటికీ తెలీదు. చూపు ఫ్యాను మీద నిలిచింది, ఆ ఫ్యానేమో తిరగడం లేదు. ఆ పైన కనుబొమ్మల దగ్గర పల్చటి ఎరుపు, ప్లాంటులో స్లాగు, అంటే కరిగిన ఇనప చిట్టెం, పారబోసినప్పుడు ఆకాశం అంచున కనబడేలాంటిది. ఇన్నాళ్లూ ఆవులింతే మొదటి సైరన్ అనుకున్నాను. అది ఆఖరిదన్నమాట.

ఆవులింత దాకా ఆగకుండా ఉయ్యాలలో వేశాను. నాన్న స్నానం ముగించి వచ్చేసరికి వాడు నిద్రలో ఉన్నాడు. నాన్న ఒకసారి ఉయ్యాలలోకి తొంగి చూసి, ఒకసారి నన్ను చూసి, వెళ్లి పడుకున్నాడు. తమ్ముడు లేచాక పెద్దమ్మ వాళ్లింటికి ఎత్తుకుపోయింది. నాన్న మధ్యాహ్నం మూడింటి దాకా కదల్లేదు. ఆ సాయంత్రం అన్నం మారు వడ్డించుకుని తిన్నాడు. అమ్మ గుమ్మంలో నిలబడకుండా గిన్నెలు కడగడానికి వెళ్లింది.

చార్టు చింపలేదు. వెనక్కి తిప్పి, వాడు చెవి ఎన్నిసార్లు లాక్కున్నాడో రాయడం మొదలుపెట్టాను. అది చాలక వీధిలోని పసివాళ్లందరినీ చూడబోయాను. ఒకమ్మాయి నిద్రొస్తే జుట్టు మెలిపెట్టుకునేది. ఒకడైతే అదే పనిగా నవ్వేవాడు, ఆ నవ్వు చూసి పెద్దలింకా ఆడించేవాళ్లు. వాళ్లకు చెప్పబోతే నవ్వారు. వాళ్లకీ నిద్రొచ్చిందేమో అనుకున్నాను.

రెండ్రోజులయ్యాక గడియారం తెచ్చుకుందామని పెద్దమ్మ ఇంటికెళ్లాను. అల్మారా మీద మా గడియారం పక్కనే వాళ్లదీ ఉంది, టిక్కుటిక్కుమంటూ. "మీది నడుస్తోంది కదా పెద్దమ్మా" అన్నాను.

"అవునే. మీదాన్ని సూసి సిగ్గుపడి నడిచినాది" అంది, బియ్యంలో రాళ్లేరుతూ, తల ఎత్తకుండా.

ఇన్నేళ్లలో 'మొకంలో సూడు' అన్న ఆవిడ మాట నాకు పసివాళ్ల దగ్గరే కాదు, పెద్దవాళ్ల దగ్గరా పనికొచ్చింది. ఇంట్లో ఎవరైనా ఉన్నట్టుండి గొంతు పెంచితే ముందు మాట వినను, కనుబొమ్మలు చూస్తాను. మా ఆయనతో సగం తగాదాలు అలాగే, మొదలవకముందే దుప్పటి కప్పుకున్నాయి.

మొన్న మా అమ్మాయి తన పది నెలల పాపతో వచ్చింది. పాప నిద్రవేళలన్నీ ఫోనే చెబుతుందట. పాప చెవి లాక్కుంటోంది, ఈసారి కుడి చెవి. "ఇంకా ఇరవై నిమిషాలుందమ్మా" అంటూ మా అమ్మాయి గిలక్కాయ ఆడిస్తోంది. ఫోనులో చార్జింగ్ నిండుగా ఉంది, పాపలో లేదు. ఆ మాట నోటిదాకా వచ్చింది. మింగేసి చెయ్యి చాపాను.

"ఏదమ్మా, నీ ఫోను ఒకసారి ఇలా ఇయ్యి. నాది ఆగిపోయింది."