అంచు విడవని ఆకుపచ్చ

మా ప్రయోగశాలలో కణాలు పెంచే ఆవిడను అందరం పిన్ని అనేవాళ్ళం. ఇరవై ఆరేళ్ళు అదే పని. వెచ్చటి బీరువాలో గాజు గిన్నెలు, వాటిలో గులాబీరంగు పోషకద్రవం, రెండురోజులకోసారి దాన్ని మార్చడం. సెలవునాడూ వచ్చేది. "మీ ఆయన ఊరుకుంటాడా?" అంటే, "ఆయన వండుకు తినగలడు, ఇవి తినలేవుగా" అనేది.

ఒక ఏడు ఆమె తమ్ముడికి క్లోమంలో గడ్డ బయటపడింది. దాంట్లోంచి తీసిన ముక్క మా దగ్గరికే వచ్చింది. కొత్త మందు ఆ కణాల మీద పనిచేస్తేనే డాక్టర్లు అతనికి ఇస్తారు. పరీక్షకు ముందు అవి బాగా పెరగాలి. తమ్ముణ్ణి తినేస్తున్నవాటిని పిన్ని తన చేతులతో మేపింది. కళకళలాడుతూ పెరిగాయి. ఆమె చేతి చలవ అలాంటిది మరి.

తమ్ముడు బస్సు కండక్టరు. మంచం మీంచే ఆరా తీశాడు.

"ఇంతకీ ఆ మందు ఏం చేస్తుందక్కా?"

"కణం చుట్టూ పల్చటి పొర ఉంటుందిరా. దానికి లోపలివైపు ఒక ప్రోటీను అంటుకుని ఉంటుంది. అక్కడుంటేనే అది 'పెరుగు, పెరుగు' అని లోపలికి కబురు పంపగలదు. నీ గడ్డలో అది నోరు మూయడం లేదు. మందు దాన్ని పొర నుంచి ఊడగొట్టాలి."

"అంటే నన్ను ఫుట్‌బోర్డు మీంచి లాగి సీట్ల మధ్య కుదేసినట్టు. ఇంక రైట్ రైట్ అనేవాడుండడు."

"అంతే."

"లాగమను మరి! ఏడాదిగా ఓవర్‌టైం చేస్తున్నాడు వెధవ."

ప్రోటీనుకు ఆకుపచ్చ వెలుగు తగిలించారు. మందు పనిచేస్తే కణం అంచు మసకబారి, వెలుగు లోపలంతా పరుచుకోవాలి. మొదటిరోజు కొంచెం పరుచుకుంది కూడా. పిన్ని తమ్ముడికి ఫోన్ చెయ్యబోయి మానుకుంది. మూడోనాటికి సూక్ష్మదర్శినిలో ప్రతి కణం చుట్టూ మళ్ళీ ఆకుపచ్చ గీత. ప్రోటీను పొరకు వేలాడేది ఒక కొక్కెంలాంటి దానితో; మందు ఆ కొక్కేన్ని ఆపితే, కణం ప్రోటీనుకు ఇంకో కొక్కెం తగిలించింది. రెండూ ఆపబోతే, పోలికకని పక్క గిన్నెలో పెట్టిన మంచి కణాలే ముందు చచ్చాయి. గిన్నెలు మారాయేమోనని పిన్ని వాటి మీది అంకెలు సరిచూసింది. మారలేదు.

అదంతా తేలిన సాయంత్రం తమ్ముడు ఆమె మొహం చూశాడు.

"ఊడలేదా?"

"ఊడింది. మళ్ళీ అంటుకుంది."

"మొండిఘటం. అచ్చం మన నాన్నే." ఆమె నవ్వలేకపోయింది. "ఇంకో మందుందా అక్కా?"

"లేదురా."

"మరి వాటిని పారేస్తారా?"

"బాగా పెరుగుతున్నాయట. పరిశోధనకు ఇంకొన్నాళ్ళు పెంచమన్నారు."

"ఎవర్ని?"

"నన్నే."

అతను గోడవైపు తిరిగాడు. పిన్ని కాళ్ళ మీద దుప్పటి సర్దబోయింది.

"వద్దులే" అన్నాడు.